చెయ్యి పట్టి దిద్దించకండి

వికలాంగులు కూర్చుని బొమ్మలు వేసుకునే, మట్టి పిసుక్కునే, ఉన్ని చుట్టుకునే స్టూడియో ఒకటి తమ ఊళ్ళో పెట్టాలనుకునేవాళ్ళు రాసిన ప్రశ్నలివి. ప్రత్యేక బడి గురించి కాదు, థెరపీ గురించీ కాదు. పద్దెనిమిదేళ్ళు దాటినవాళ్ళు వారానికి రెండు మూడు పూటలు వచ్చి తమ పని తాము చేసుకునే చోటు గురించి.

ప్రశ్న: మా అబ్బాయికి డౌన్ సిండ్రోమ్. వయసు 24. కాగితం ఇస్తే నీలం రంగుతో సున్నాలే చుడతాడు. రెండేళ్ళుగా అదే. డ్రాయింగు మాస్టారు చెయ్యి పట్టి ఇల్లు, చెట్టు వేయిస్తున్నారు. ఇది మంచిదేనా? (ఒక తల్లి, తెనాలి)

ఆపించండమ్మా. అక్షరాలు దిద్దించిన అలవాటుతో మనవాళ్ళు బొమ్మలకీ చెయ్యి పట్టేస్తారు. అలా వేసిన ఇల్లు మాస్టారిది, మీవాడు ఆయనకి పెన్సిల్ స్టాండు. చెయ్యి పట్టించుకోవడం అలవాటైన మనిషి ఎవరైనా వచ్చి పట్టుకుంటేగాని మొదలుపెట్టడు. అది మానిపించడానికి నెలలు పడుతుంది.

విషయం మార్చమని అడక్కండి, సామాను మార్చి చూడండి. ఏ4 కాగితం బదులు పూర్తి చార్టు ఇవ్వండి. నల్ల కాగితం మీద తెల్ల ఆయిల్ పేస్టెల్ పెట్టండి. వంచడానికి సన్న రాగి తీగ ఇవ్వండి. ఒక పూటకి ఒక్క మార్పే. రెండు మూడు రకాలు బల్ల మీద పెట్టి, ఏది తీసుకుంటాడో అతనికే వదిలెయ్యండి. నీలమే కావాలంటే నీలమే ఇవ్వండి, కాకపోతే అల్ట్రామెరీన్, ప్రష్యన్, కోబాల్ట్, సెరూలియన్ నాలుగూ పక్కపక్కన పెట్టండి. అప్పుడు ఎంచుకోవడం మొదలవుతుంది. ప్రతి కాగితం వెనక తేదీ వేసి, నెలకోసారి అన్నీ నేల మీద వరసగా పరిచి చూడండి. సున్నా సున్నాకీ మధ్య ఎడం, నొక్కిన బరువు, చుట్టిన దిక్కు మారుతూ ఉంటాయి. ఒక్కొక్కటిగా చూస్తే అవి కంటికి ఆనవు.

జూడిత్ స్కాట్ అని అమెరికాలో ఒకావిడ ఉండేది. 1943లో పుట్టింది. డౌన్ సిండ్రోమ్, పైగా చెవుడు. ఆ చెవుడు చాలా ఏళ్ళు ఎవరూ గుర్తుపట్టలేదు. ఏడేళ్ళప్పుడు ఒహైయోలో ఒక సంస్థలో చేర్చారు, 35 ఏళ్ళు అక్కడే ఉంది. తర్వాత కవల సోదరి కాలిఫోర్నియాకి తెచ్చుకుని 1987లో ఓక్లండ్‌లో వికలాంగుల కోసం నడిచే క్రియేటివ్ గ్రోత్ స్టూడియోలో చేర్పించింది. అక్కడ దాదాపు రెండేళ్ళు ఆవిడ దేనిమీదా మనసు పెట్టలేదు. ఒక రోజు నూలు, దారాల పని నేర్పే తరగతిలో కూర్చుని, దొరికిన వస్తువుకి దారం చుట్టడం మొదలుపెట్టింది. 2005లో చనిపోయేదాకా చుడుతూనే ఉంది. ఆ చుట్టలు ఇప్పుడు పెద్ద పెద్ద మ్యూజియంలలో ఉన్నాయి, 2017లో ఇటలీలో రెండేళ్ళకోసారి జరిగే పెద్ద కళా ప్రదర్శన వెనిస్ బియనాలేకీ వెళ్ళాయి. మీవాడూ అంతవాడవుతాడని చెప్పడం లేదు. ఆ రెండేళ్ళూ చెయ్యి పట్టి చెట్లు వేయించి ఉంటే ఏమయ్యేదో ఆలోచించమంటున్నాం.

నిజంగానే చేతికి ఆసరా కావాల్సినవాళ్ళుంటారు. వాళ్ళకి మీ చెయ్యి కింద, వాళ్ళ చెయ్యి పైన ఉండాలి. వద్దనుకున్నప్పుడు తీసేసుకోగలగాలి. కుంచె కడగడం, కత్తెర పట్టడం, రెండు రంగులు కలపడం లాంటివి అడిగితే తప్పకుండా నేర్పాలి. ఏ బొమ్మ వెయ్యాలో మాత్రం చెప్పకూడదు.

ప్రశ్న: కమ్యూనిటీ హాల్లో 20 × 16 అడుగుల గది ఇస్తామంటున్నారు. పదిహేనుమందితో మొదలుపెట్టొచ్చా? ఏమేం కొనాలి? (స్వచ్ఛంద సంస్థ సభ్యులు, ఖమ్మం)

పదిహేనుమంది పట్టరు. చక్రాల కుర్చీ ఒక్కసారి తిరగాలంటే మీటరున్నర వెడల్పు ఖాళీ కావాలి. బల్లలు, అరలు పోను మీ గదిలో ఆరేడుగురు, సాయానికి ఇద్దరు. ఎక్కువమంది ఉంటే పూటలు పెంచండి. గది చిన్నదని దిగులు పడొద్దు. పైన చెప్పిన క్రియేటివ్ గ్రోత్‌ని 1974లో ఫ్లోరెన్స్ లూడిన్స్-కాట్జ్, ఎలియాస్ కాట్జ్ దంపతులు మొదలుపెట్టింది తమ ఇంటి కారు షెడ్డులో.

కొనడానికి ముందు కొలవండి. తలుపు తెరిచాక దారి 90 సెంటీమీటర్లు ఉండాలి. మన దగ్గర అసలు చిక్కు గడప. తీయించలేకపోతే రెండు వైపులా చెక్కతో వాలు పెట్టించండి. ర్యాంపుకి 1:12 లెక్క. 15 సెంటీమీటర్ల మెట్టు ఒక్కటుంటే 1.8 మీటర్ల పొడవు, రెండుంటే 3.6 మీటర్లు. మేస్త్రీలు చోటు కలిసొస్తుందని అర మీటరులో నిటారుగా పోసేస్తారు. దాని మీద కుర్చీ వెనక్కి పడుతుంది. అలాంటి ర్యాంపు ఫొటోకే పనికొస్తుంది.

బల్ల కింద 70 నుంచి 72 సెంటీమీటర్ల ఎత్తు, మోకాళ్ళు దూరడానికి 50 సెంటీమీటర్ల లోతు ఖాళీ ఉండాలి. మామూలు ఆఫీసు బల్లల్లో సొరుగు, కాళ్ళ మధ్య అడ్డకర్ర మోకాళ్ళకి కొట్టుకుంటాయి, అవి తీయించండి. చక్రాల కుర్చీ లేనివాళ్ళకీ కొలత ఉంది: పాదాలు నేలకి ఆనాలి. ఆనకపోతే కింద పెట్టె పెట్టండి. కాళ్ళు వేలాడుతుంటే నడుము నిలవదు, నడుము నిలవకపోతే చెయ్యి నిలవదు. చెయ్యి వణుకుతోందని వచ్చేవాళ్ళలో కొందరికి ముందు ఇదే సరిచెయ్యాలి.

సీలింగు ఫ్యాను కాగితాలు ఎగరగొడుతుంది, మోత మోగిస్తుంది, గోడ ఫ్యాను నయం. మిణుకుమిణుకుమనే పాత ట్యూబులైటు మార్చండి. కుళాయికి మోచేత్తో నొక్కే పొడుగు పిడి పెట్టించండి. మట్టి చేతులు మాత్రం సింకులో కడగనివ్వొద్దు, గొట్టం నెలలో మూసుకుపోతుంది. మూడు బకెట్లు వరసగా పెట్టి ఒకదాని తర్వాత ఒకటి ముంచాలి. మర్నాటికి మట్టి అడుక్కి దిగుతుంది. పైన నీళ్ళు వంపేసి మట్టి మళ్ళీ వాడుకోవచ్చు. నేల మీద ఎండిన మట్టి చీపురుతో ఊడిస్తే సిలికా దుమ్ము లేస్తుంది, తడిగుడ్డతోనే తుడవాలి. అరలు నేల నుంచి 40 సెంటీమీటర్ల దగ్గర మొదలై 120కి మించకూడదు. తలుపులుండొద్దు. డబ్బా ముందు లోపలున్న వస్తువు ఫొటో అంటించండి. చదవలేనివాళ్ళు కూడా ఎవరినీ అడక్కుండా తీసుకుంటారు.

ఏడుగురికి మొదటి రెండు నెలల సామాను: 200 జీఎస్ఎం (ఈ అంకె పెరిగేకొద్దీ కాగితం దళసరి) ఏ3 కాగితాలు 200, చార్టులు 30, పోస్టరు రంగులు అర లీటరు సీసాల్లో ఎరుపు, పసుపు, నీలం, నలుపు ఒక్కొక్కటి, తెలుపు రెండు, 12వ నంబరు చదును కుంచెలు పది, 8వ నంబరు గుండ్రటివి పది, ఆయిల్ పేస్టెళ్ళు నాలుగు పెట్టెలు, బంకమట్టి 20 కిలోలు, రకరకాల ఉన్ని, అంగుళం మాస్కింగ్ టేపు ఆరు చుట్టలు. రంగులు వెయ్యమని గీతలు గీసి అమ్మే పుస్తకాలు ఒక్కటీ కొనొద్దు.

ప్రశ్న: మా చెల్లికి సెరిబ్రల్ పాల్సీ. కుంచె జారిపోతుంది, పట్టుకున్నా చెయ్యి ఊగుతుంది. విదేశీ పరికరాలు కొనే స్తోమత లేదు. (పాఠకుడు, కరీంనగర్)

కొనక్కర్లేదు. జారడం వేరు, ఊగడం వేరు. ముందు ఏది ఎక్కువో చూడండి.

పట్టు బలహీనంగా ఉంటే పిడి లావు చెయ్యాలి, సుమారు రెండున్నర నుంచి మూడు సెంటీమీటర్ల వ్యాసం. సైకిల్ హ్యాండిల్ గ్రిప్పులో కుంచె దూర్చి ఖాళీలో స్పాంజి కుక్కితే సగం మందికి సరిపోతుంది. పాత సైకిల్ ట్యూబుని రెండు సెంటీమీటర్ల పట్టీలుగా కోసి లాగి చుట్టినా సరే. చెమట చేతులకి అది గ్రిప్పు కన్నా మేలు.

అచ్చంగా ఆమె చేతి ఆకారమే కావాలంటే ఎంసీల్ వాడొచ్చు, కానీ నేరుగా కాదు. ముందు నిమ్మకాయంత గట్టి చపాతీ పిండి ముద్దని కుంచె చుట్టూ పెట్టి ఆమెని పట్టుకోమనండి. వేళ్ళు ఎక్కడ దిగాయో, బొటనవేలు ఏ వైపు పడిందో చూడండి. ఆ పిండి అచ్చు పక్కన పెట్టుకుని, చేతికి గ్లవ్స్ వేసుకుని, ఎంసీల్ రెండు ముద్దలూ సమానంగా తీసుకుని రంగు ఒకటయ్యేదాకా పిసికి, అదే ఆకారం మీరు చెయ్యండి. అరగంట లోపల పని ముగించాలి, తర్వాత గట్టిపడుతుంది. ఒక రాత్రి వదిలేసి, గరుకు కాగితంతో నున్నగా రుద్ది అప్పుడివ్వండి. పచ్చి ఎంసీల్ ఆమె చేతిలో పెట్టి అచ్చు తీస్తే చర్మం మండొచ్చు, దద్దుర్లు రావచ్చు. ఒకే కుంచెకి అతికించెయ్యకుండా మధ్యలో చిన్న గొట్టం ముక్క పెట్టి చేస్తే కుంచెలు మార్చుకోవచ్చు. ఇది మర్చిపోయి కుంచె అరిగాక మళ్ళీ మొదటికొస్తారు.

వేళ్ళు అసలు ముడవలేకపోతే అరచేతి చుట్టూ వెల్క్రో పట్టీ, దానికి లోపలివైపు కుట్టిన చిన్న జేబు, ఆ జేబులో కుంచె. దర్జీ పావుగంటలో కుట్టిస్తాడు.

ఊగే చేతికి బరువు సాయం చేస్తుంది, అందరికీ కాదు. కుంచె పిడికి నాలుగైదు ఇనప నట్టులు ఎక్కించి టేపు చుట్టి చూడండి. పది నిమిషాలకే భుజం అలిసిపోతే తీసెయ్యండి. అంతకన్నా ముందు మోచెయ్యి, ముంజెయ్యి బల్ల మీద పూర్తిగా ఆనేట్టు ఎత్తు సరిచెయ్యండి. కాగితం నాలుగు వైపులా మాస్కింగ్ టేపుతో అతికించండి. రంగు గిన్నె కింద సొరుగుల్లో పరిచే రబ్బరు జాలీ ముక్క వెయ్యండి, అప్పుడు దొర్లదు. రంగులో కొంచెం మైదా గంజి కలిపి చిక్కబరిస్తే కారదు. ఇవన్నీ చేశాక కూడా గీత ఊగితే ఊగనివ్వండి, అది ఆమె గీత.

ప్రశ్న: మా దగ్గరికి వచ్చే ఒకరు చేతికందిందల్లా నోట్లో పెట్టుకుంటారు. ముగ్గు రంగులు వాడొచ్చా? (అనంతపురం)

వద్దు. సంక్రాంతికి బజార్లో అమ్మే రంగులు రాతి పొడికి అద్దకపు రంగు పట్టించినవి. నోట్లోకే కాదు, దుమ్ముగా ఊపిరితిత్తుల్లోకీ పోతాయి. పాత ఎనామెల్ రంగు డబ్బాలు కూడా బయట పారెయ్యండి. ఇళ్ళకి వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 90 పాళ్ళు) మించకూడదన్న నిబంధన 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు డబ్బాల్లో ఎంతుందో ఎవరికెరుక.

అరకప్పు కార్న్‌ఫ్లోర్‌ని రెండు కప్పుల నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి సన్న సెగ మీద గంజిలా అయ్యేదాకా తిప్పండి. చల్లారాక పసుపు, బీట్‌రూట్ రసం, పాలకూర రసం కలిపితే మూడు రంగులు. ఫ్రిజ్‌లో మూడు రోజులు ఆగుతాయి. పసుపు ఎండకి వెలిసిపోతుంది, బీట్‌రూట్ గోధుమరంగుకి తిరుగుతుంది, అందుకని అదే రోజు ఫొటో తీసుకోండి. పసుపులో సున్నం వేస్తే పారాణిలా ఎర్రబడుతుందని ఎవరైనా చెబుతారు. నిజమే, కానీ సున్నం నోరు పొక్కిస్తుంది, ఈ మనిషికి వద్దు. మట్టి, సుద్ద తినే అలవాటు వెనక రక్తహీనత ఉండొచ్చు, డాక్టరుకి ఒకసారి చూపించమని ఇంట్లోవాళ్ళకి చెప్పండి.

ప్రశ్న: మట్టి బొమ్మలు చేయిస్తాం గాని కాల్చే బట్టీ లేదు. ఎండాక విరిగిపోతున్నాయి. (విజయనగరం)

కొండపల్లి బొమ్మలకి చేతులు, కాళ్ళు అతికే మక్కు ఉంది కదా, చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపింది. చేర్యాల మాస్కులూ ఆ మిశ్రమంతోనే చేస్తారు. కాల్చక్కర్లేదు, తేలిక, కింద పడ్డా చప్పున విరగదు.

వంద గ్రాముల చింతగింజల పొడి రాత్రి లీటరు నీళ్ళలో నానబెట్టండి. పొద్దున సన్న సెగ మీద అరగంట, అడుగంటకుండా తిప్పుతూ ఉడికిస్తే గరిటెకి తీగలా సాగుతుంది. గోరువెచ్చగా అయ్యాక జల్లించిన పొట్టు గుప్పెడు గుప్పెడు వేస్తూ చపాతీ పిండిలా కలపండి. పొట్టు వడ్రంగి దగ్గర అసలు కర్రదే తీసుకోండి. ప్లైవుడ్, ఎండీఎఫ్ కోసిన పొట్టులో జిగురు రసాయనాలుంటాయి.

చెడేది రెండు చోట్ల. సెంటీమీటరు కన్నా మందంగా పెడితే పైన ఎండి లోపల పచ్చిగా ఉండి పగుళ్ళిస్తుంది. పెద్ద బొమ్మైతే లోపల నలిపిన కాగితపు ఉండ పెట్టి పైన పలచగా అద్దాలి. రెండోది వాన ముసురు. రెండో రోజుకే బూజు పడుతుంది కాబట్టి ఏ పూటకి కావాల్సింది ఆ పూటే కలుపుకోండి. ఎండ కన్నా నీడలో గాలికి ఆరబెడితే వంకర పోదు. వేళ్ళలో బలం తక్కువున్నవాళ్ళకి మక్కు కాస్త పలచగా కలిపివ్వండి.

ప్రశ్న: పూర్తిగా చూపు లేనివాళ్ళు బొమ్మ గీయగలరా? (డిగ్రీ విద్యార్థిని, నంద్యాల)

గీస్తారు. గీసింది వాళ్ళ వేలికి తెలిసే ఏర్పాటు మనం చెయ్యాలి. ఏ3 ప్లైవుడ్ ముక్క మీద అల్యూమినియం దోమల జాలీ బిగువుగా లాగి, అంచులు మడిచి స్టేప్లర్ కొట్టి, పైన గుడ్డ టేపు అంటించండి. జాలీ అంచు తెగిందంటే వేలు కోస్తుంది. దానిమీద పలచటి కాగితం పెట్టి మైనపు క్రేయాన్‌తో నొక్కి గీస్తే గీత గరుగ్గా లేస్తుంది. ఎడమచేతి వేలు గీత వెంట నడుస్తుంటే కుడిచెయ్యి గీస్తుంది. పెన్సిల్‌తో గీస్తే లేవదు, మందపాటి కాగితమైనా లేవదు.

రంగుల గిన్నెలు ఎప్పుడూ ఒకే వరసలో ఉంచి, బ్రెయిలీ చీటీ అంటించండి. రంగుల్లోనే తేడా తెలియాలంటే ఒకదాంట్లో సన్న ఇసుక, ఇంకోదాంట్లో రంపపు పొట్టు, మూడోది నున్నగా. గ్లూ గన్‌తో గీతలు లేపడం తొందరగా అవుతుంది కాని దాని ముక్కు కాలుతుంది. ఆ పని పక్కన ఉన్నవాళ్ళు, గీసేవాళ్ళు చెప్పిన చోట మాత్రమే చెయ్యాలి. పుట్టుకతో చూపు లేనివాళ్ళకి రంగుల పేర్లు ఎందుకులే అని దాచకండి, ఏ రంగో ఎప్పుడూ చెప్పండి.

ప్రశ్న: దీపావళికి మా వాళ్ళతో ప్రమిదలకి రంగులు వేయించి అమ్ముతాం. బొమ్మలు కూడా అమ్మితే డబ్బు ఎవరికి చెందుతుంది? (సంస్థ నిర్వాహకులు, రాజమహేంద్రవరం)

ప్రమిదల పని పనే. ఒకే నమూనా వందసార్లు వేయించినప్పుడు ప్రమిదకింత అని కూలి ఇవ్వాలి, దాన్ని కళ అని పిలిచి కూలి ఎగ్గొట్టకూడదు. స్టూడియో పూటల్ని దానికి తినెయ్యకండి. అక్టోబరంతా ప్రమిదలే అయితే బొమ్మలు వేసుకునేవాళ్ళు మానేస్తారు.

సొంతంగా వేసిన బొమ్మ వేసినవాళ్ళదే. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం హక్కు గీసినవాళ్ళది, మరణం తర్వాత 60 ఏళ్ళ దాకా వారసులది. క్యాలెండరు మీద, గ్రీటింగు కార్డు మీద అచ్చు వెయ్యాలన్నా అడగాలి. క్రియేటివ్ గ్రోత్‌లో అమ్మిన ధరలో సగం కళాకారుడికి, సగం స్టూడియోకి. సామాను మీరే కొంటున్నట్టయితే సగం న్యాయమైన వాటా. అంతకన్నా తక్కువ ఇస్తామంటే మేం ఒప్పుకోం. రిజిస్టరులో బొమ్మ నంబరు, కొలత, తేదీ, ధర, ఎవరు కొన్నారో, ఎంత చెల్లించారో రాసి పెట్టండి.

డబ్బు సొంత ఖాతాలో పడాలి. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆస్తి, డబ్బు వ్యవహారాల్లో అందరితో సమానమైన హక్కు ఇచ్చింది. ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధోపరమైన వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ళకి సంరక్షకులు కావాల్సి వస్తే, 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలోని లోకల్ లెవెల్ కమిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చు.

ధర చీటీ మీద వైకల్యం పేరు రాయకండి. పేరు, సంవత్సరం, దేనితో వేసింది, కొలత చాలు. జాలి చూసి కొన్నవాళ్ళు రెండోసారి రారు. ఇంకొకటి: నలభై ఏళ్ళ మనిషిని పట్టుకుని "మా పిల్లలు వేశారండీ" అనడం మానండి.

ప్రశ్న: చేర్చుకునేటప్పుడు సదరం సర్టిఫికెట్ అడగాలా? (వరంగల్)

అక్కర్లేదు. వైకల్యం ఉందని చెప్పే సర్టిఫికెట్ పింఛనుకి కావాలి, బొమ్మకి కాదు. ఇంటి ఫోను, వాడే మందులు, ఏది పడదో, మూర్ఛ వస్తుందా అన్నవి మాత్రం రాసుకోండి. మూర్ఛ వస్తే కత్తెరలు, కుర్చీలు దూరం జరిపి పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టొద్దు, చేతిలో తాళాలు పెట్టడం దండగ. గడియారం చూడండి, ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోను చెయ్యండి.

ప్రశ్న: మాటలు రానివాళ్ళ విషయంలో బొమ్మ పూర్తయిందని ఎవరు చెప్పాలి? మేం తీసెయ్యకపోతే రంగు మీద రంగు వేసి అంతా బురద చేస్తారు. (వాలంటీరు, హైదరాబాద్)

బాగున్నప్పుడే లాగేసుకోవడం అన్ని స్టూడియోల్లోనూ జరిగే తప్పు. మీకు నచ్చిన నిమిషం దగ్గర ఆపితే అది మీ ఎంపిక. మధ్యలో ఫొటో తీసుకోండి, చెయ్యి మాత్రం పెట్టకండి.

పూర్తయిందని చెప్పే పద్ధతి ఒక్కొక్కరిది ఒక్కోలా ఉంటుంది. జూడిత్ స్కాట్ ఐతే పని తోసేసేది. ఒకరు కుంచె నీళ్ళలో పడేస్తారు, ఒకరు లేచి వెళ్ళిపోతారు. నాలుగు వారాలు గమనించి రాసుకుంటే తెలిసిపోతుంది. తెలియకపోతే బల్ల మీద రెండు ట్రేలు పెట్టండి, ఒకదాని అడుగున ఆకుపచ్చ కాగితం (ఇంకా ఉంది), ఇంకోదాంట్లో ఎరుపు (అయిపోయింది). మీరు రెండు మూడుసార్లు పెట్టి చూపిస్తే చాలామంది అందుకుంటారు. చూపు తగ్గినవాళ్ళకి ఒక ట్రేలో గోనెగుడ్డ పరవండి.

బురద గురించి అడిగారు. మూడు కన్నా ఎక్కువ రంగులు ఒకేసారి తడిగా కలిస్తే ఎవరికైనా బురదే. రంగులు తగ్గించి పెట్టండి. లేదా పక్కన ఇంకో కాగితం సిద్ధంగా ఉంచి, మొదటిది ఆరేదాకా దాని మీద వెయ్యొచ్చని చూపించండి. రెండోది తీసుకోకుండా మొదటి దాని మీదే వేస్తుంటే వెయ్యనివ్వండి. కాగితం తడిసి చిరుగుతుంటే వచ్చే వారం 300 జీఎస్ఎం ఇవ్వండి.